పండుగ చీరయు పనిదినపు చీరయు

విశాఖపట్టణమునకు ఉత్తరమున, గోస్తనీ నదీతీరమున, విజయనగరమునకు పోవు దారిలో తగరపువలస యున్నది. భీమునిపట్టణపు బెస్తపల్లెలకును, ఆనందపురము, పద్మనాభము మొదలగు చోట్ల పల్లెవాసులకును ఇది చిరకాలముగా అంగడి ఊరు. నేడు మహావిశాఖ నగరపాలక సంస్థలో చేరినను, దీని సంతసందడి దీనికే యున్నది. ఆషాఢమాసము వచ్చినది మొదలు సంక్రాంతి దాటువరకు ఇటువంటి ఊళ్ల వస్త్రదుకాణములపై "తగ్గింపు ధరలు" అను ప్రకటనలు దిగవు. ఆషాఢపు తగ్గింపు ముగియగనే శ్రావణపు తగ్గింపు, పిదప దసరా, దీపావళి, క్రొత్త సంవత్సరము, సంక్రాంతి. ఏడాదిలో సగము దినములు ఏదో యొక తగ్గింపు నడుచుచునే యుండును.

ఈ యాచారమునకు మూలము తెలిసికొనదగినది. తెలుగువారు ఆషాఢమున వివాహములు చేయరు. క్రొత్తకోడలు పుట్టింటికి పోవు మాసమది. పెండ్లి బేరములు లేనందున దుకాణములు వెలవెలబోవును. శ్రావణమున వరలక్ష్మీ వ్రతములకు, పెండ్లిండ్లకు క్రొత్త సరకు రావలెను. అందులకు అరలలోని పాత సరకు కదలవలెను. ఈ వర్తకుని యవసరమునుండియే ఆషాఢపు తగ్గింపు పుట్టినది. ఇందులో మోసమేమియు లేదు. అమ్మువానికి అరలు ఖాళీ యగును, కొనువానికి రెండు రూపాయలు మిగులును. కాని ఆ మిగులు ఎవరికి, దేనిపై మిగులుచున్నది అనునదే విచారింపవలసిన విషయము.

ఈ సందడిలో స్త్రీలు కొనునదేమి? పండుగనాడు గుడికి కట్టుకొని పోవుటకు, పెండ్లిలో పదిమంది కన్నులకు ఆనుటకు తగిన చీర. జరీ మెరయవలెను, అంచు వెడల్పుగా నుండవలెను, పొరుగింటివారు వెల యడుగవలెను. అట్టి చీర ఇల్లు చేరి, రెండుమారులో మూడుమారులో కట్టబడి, మడతలో మడతయై బీరువాలో నిదురించును. తక్కిన మూడువందల చిల్లర దినములు ఆమె దేనిని ధరించుచున్నది? వెలిసిపోయిన నైటీ, దానిపై ఎవరైన వచ్చినపుడు కప్పుకొనుటకొక తువ్వాలు. ఉద్యోగమునకు పోవు స్త్రీయైనచో, ఏనాటి పండుగకో కొని, రంగు తగ్గినందున "రోజువాడుక"కు దిగిన చీర. "బయట పల్లకీ మోత, ఇంట ఈగల మోత" అను సామెత వస్త్రముల పట్ల కూడ సత్యమే.

పండుగ బట్టల పట్టీ వ్రాయునపుడు ప్రతి తెలుగింట వినవచ్చు మాట యొకటి కలదు. పిల్లలకు, భర్తకు, అత్తమామలకు, ఆడపడుచునకు పెట్టవలసిన బట్టలన్నియు ముగిసిన పిమ్మట, "మరి నీకో?" అని యడిగినచో ఇల్లాలు "నాకెందుకు, ఉన్నవి చాలు" అనును. అందరు దానిని త్యాగమని మెచ్చుకొందురు. కాని ఆమెకు ఉన్నవి పండుగ చీరలు; లేనివి పనిదినపు దుస్తులు. తగ్గింపు కాలమునందు మొదట కొనవలసినది ఈ లేనివానినే. ప్రతిదినము హాయిగా, చూపునకు చక్కగా ధరింపదగిన దుస్తులు స్త్రీకి విలాసము కావు. అన్నము, నీరు వంటి దైనందినావసరము.

హాయి యొకవైపు, అందము మరియొకవైపు నుండునని నేటివారి భావన. పూర్వపు ఉత్తరాంధ్ర స్త్రీల దుస్తులు ఈ భావనను బలపరుపవు. పొలమున నాట్లు వేయు స్త్రీలు, చేపలగంప నెత్తిన పెట్టుకొని దూరము నడచు స్త్రీలు కోకను గోచికట్టుగా కట్టెడివారు. కాలు వంగుటకు, బురదలో దిగుటకు, వడివడిగా నడచుటకు అడ్డములేని కట్టు అది. డబ్బులకు కొంగుముడి యుండెను, రొంటిని దోపుకొన్న చిన్నసంచి యుండెను. నేత గట్టిది, అంచు దిట్టమైనది. అంచునకు రంగు వేయుట అందము కొరకు. అంచును గట్టిగా నేయుట చిరగకుండుట కొరకు. ఆ రెండును ఒక్క నేతలోనే యిమిడినవి. ఇప్పటికిని మంచి నేతచీరలో కన్నులకు నచ్చునది, ఒంటికి నచ్చునది వేరువేరుగా నుండవు.

ఈ తీరమునకు వస్త్రము క్రొత్త కాదు. తగరపువలసకు కొలదిదూరముననే యున్న భీమునిపట్టణమున 17వ శతాబ్దమునందే డచ్చివారు వర్తకస్థావరము నేర్పరచుకొనిరి. కోరమాండలు తీరపు నూలుబట్టలే వారి వర్తకమునకు ముఖ్యాధారము. శ్రీకాకుళము జిల్లా పొందూరులో నేటికిని స్త్రీలు కొండపత్తిని, పునాసపత్తిని వాలుగచేప దవడ ఎముకతో దువ్వి, రాట్నముపై సన్ననూలు వడకుచున్నారు. ఆ ఖద్దరు గాంధీ మహాత్ముని మన్ననకు పాత్రమైనది. చేపదవడ పండ్లతో పత్తిని దువ్వుట వింతగా తోచవచ్చును గాని, దానివలన నలకలు తొలగి, పోగు మెత్తనై, బట్ట ఒంటికి ఇంపగుచున్నది. ధరించువారి చర్మమును తలచుకొని పనిచేసినవారి నేర్పు అది.

ఇక శీతోష్ణముల మాట. విశాఖతీరమున ఎండకంటె ఉక్కపోత యెక్కువ బాధించును. గాలిలో తేమ యధికమైనందున చెమట త్వరగా ఆరదు. ఇట్టిచోట బట్ట చేయవలసిన పని చెమటను పీల్చి గాలికి విడుచుట. సాధారణమగు గాలితేమలో నూరు గ్రాముల పొడి నూలు సుమారు ఎనిమిదిన్నర గ్రాముల తేమను పీల్చుకొనును. నూరు గ్రాముల పాలియెస్టరు అర గ్రామైనను పీల్చుకొనదు. అందువలననే పాలియెస్టరు రవిక మధ్యాహ్నమగుసరికి వీపునకు అంటుకొనిపోవును. 1941లో ఇంగ్లండున విన్‌ఫీల్డు, డిక్సన్ అను రసాయనజ్ఞులు కనుగొన్న ఈ కృత్రిమపు పోగు తదుపరి దశాబ్దములలో ప్రపంచమంతట వ్యాపించినది.

అట్లని దానిని పూర్తిగా నిందించుట న్యాయము కాదు. అది వెల తక్కువ, ముడతపడదు, ఇస్త్రీ యక్కరలేదు, వానకాలమున వరండాలో ఒక్కపూటకే ఆరును. తెల్లవారుజామున లేచి వంట ముగించి బస్సు నందుకొనవలసిన స్త్రీకి ఈ గుణములు చిన్నవి కావు. గంజిపెట్టి ఇస్త్రీచేయవలసిన నూలుచీరను ఆమెకు ఉపదేశించువారు, ఆ గంజి, ఆ ఇస్త్రీ ఎవరు చేయుదురో కూడ చెప్పవలెను. కావున వివేకముగల మార్గమేమన, ఒంటికి తగులుచుండు రవిక, లోదుస్తులు, కుర్తీ మొదలగువానికి నూలును, లేదా నూలుపాలు అధికముగాగల మిశ్రమమును ఎన్నుకొని, పైచున్నీ వంటివానికి తేలికగా ఆరు బట్టను వాడుట. "కాటన్" అను చీటీని మాత్రమే నమ్మరాదు. అంచునుండి రెండు పోగులు లాగి, ఇంటియొద్ద జాగ్రత్తతో కాల్చిచూచినచో నిజము తెలియును. నూలుపోగు కాగితము కాలిన వాసనతో కాలి మెత్తని బూడిదయగును. పాలియెస్టరు కరగి గట్టి పూసవలె ముద్దకట్టును.

దుస్తులను ఎన్నుకొనునపుడు అద్దము ముందు నిలుచుండి చూచుకొనుట చాలదు. ఏ పనికై కొనుచున్నారో ఆ పనిని అచ్చటనే చేసి చూడవలెను. పంతులమ్మ యైనచో నల్లబల్ల పైవరుసలో వ్రాయునట్లు చేయి పైకెత్తవలెను. చంకయొద్ద పట్టినచో ఆ రవిక గాని, కుర్తీ గాని తరగతికి తగదు. క్రింద కూర్చుండి లేవవలెను. మోకాలియొద్ద బిగిసినచో ఇంటిపనికి తగదు. మెట్లు ఎక్కునట్లు అడుగు వేయవలెను. ద్విచక్రవాహనముపై పోవువారికి నేల జీరాడు కొంగును, పొడవైన చున్నీయు ప్రమాదకరములు. చక్రములో చిక్కుకొని కలుగు ప్రమాదములు అరుదు కావు. తెల్లని చేతిరుమాలును తడిపి బట్టపై రుద్దినచో రంగు దిగునో దిగదో తెలియును. నూలుబట్ట మొదటి ఉతుకునకు కొంత కుదించుకొనును గనుక కొంచెము వదులుగా కొనుట మేలు.

కొలతల చీటీలను కూడ నమ్మరాదు. ఒక కంపెనీ "మధ్యమము" అన్నది వేరొక కంపెనీకి "పెద్దది" కావచ్చును. మన దేశీయుల దేహములకు సరిపడు ప్రామాణిక కొలతలు లేని లోపమును తీర్చుటకై జాతీయ ఫ్యాషన్ సాంకేతిక విద్యాసంస్థ 25,000 మంది కొలతలు సేకరింపవలెనని ఒక బృహత్కార్యము తలపెట్టినది. చీటీలోని అంకెకు దేహము సరిపడనపుడు లోపము అంకెదేగాని దేహముది కాదని బాలికలకు చెప్పుట మిక్కిలి యవసరము. ఎదుగు వయసులోని పిల్ల దుకాణమున అద్దము ముందు కన్నీరు పెట్టుకొనుట ఈ చిన్న విషయము తెలియకనే.

జేబుల విషయము మరియొకటి. బాలుని చొక్కాకు జేబు, లాగునకు రెండు జేబులు. బాలిక దుస్తులకు ఒక్కటియు నుండదు. ఉన్నను అది కుట్టు గీత మాత్రమే. బస్సుచీటీ, తాళపుచెవి, చరవాణి చేతబట్టుకొని, పుస్తకములు మరియొక చేత బట్టుకొని స్త్రీలు నడచుచున్నారు. అమ్మమ్మ రొంటిని గల సంచి మనుమరాలి దుస్తులలో మాయమైనది. కుట్టుపనివానికి చెప్పినచో కుర్తీకి ప్రక్కజేబు పెట్టుట పెద్ద పనికాదు. అడుగువారు లేక పెట్టువారును లేకపోయిరి.

చీరకట్టులోను గమనింపవలసినది కలదు. లోపావడాను సన్నని త్రాటితో నడుమునకు బిగించి ఏండ్లతరబడి కట్టుటవలన చర్మము ఒరసి, పుండుపడి, మిక్కిలి యరుదుగా కాన్సరుగా కూడ పరిణమించిన ఉదంతములను వార్ధా, బీహారు ప్రాంతముల వైద్యులు 2024లో ఒక బ్రిటిషు వైద్యపత్రికలో ప్రకటించిరి. భయపడవలసిన పనిలేదు. సన్నని త్రాటికి బదులు వెడల్పైన పట్టీ కుట్టించుకొనుట, ముడిని వదులు చేయుట, ఒకేచోట బిగింపకుండుట చాలును. నడుమున నల్లని గీత పడుట స్త్రీ జన్మకు సహజమని తల్లులు తలచి యూరకుండిరి. అది సహజము కాదు, బిగువువలన కలిగినది.

ఇక తగ్గింపుల లెక్క. ఇది బడిపిల్లలకు మంచి గణితపాఠము. "50 శాతముపై మరి 20 శాతము" అన్నచో 70 శాతము కాదు. వేయి రూపాయల బట్ట మొదట 500 అగును. ఆ 500లో 20 శాతము 100 పోగా 400 ఇవ్వవలెను. కావున తగ్గినది 60 శాతమే. "రెండు కొన్నచో ఒకటి ఉచితము" అన్నచో మూడింటికి రెండింటి వెల. తగ్గింపు 33 శాతము చిల్లర మాత్రమే. ఒక్కటే కావలసినవారు రెండింటి వెల ఇచ్చి వచ్చుచున్నారు. అన్నిటికంటె ముఖ్యమైన లెక్క వేరొకటి కలదు. మూడువేల రూపాయల చీరను మూడుమారులు కట్టినచో కట్టినమారు వేయి రూపాయలు. తొమ్మిదివందల కుర్తీని నూరుమారులు ధరించినచో ధరించినమారు తొమ్మిది రూపాయలు. చవుక యేదో, ఖరీదైనదేదో ఈ భాగహారమే చెప్పును.

చట్టమును కూడ తెలిసికొనుట మంచిది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ననుసరించి కొన్న వస్తువునకు రసీదు ఇయ్యకుండుట అక్రమ వ్యాపారపద్ధతి. లోపముగల సరకును రసీదులో చెప్పిన గడువులోపల, గడువు చెప్పనిచో 30 దినములలోపల తిరిగి తీసికొన నిరాకరించుటయు అట్టిదే. "అమ్మిన సరకు తిరిగి తీసికొనబడదు" అను పలక గోడపై నున్నంతమాత్రమున, చినిగిన బట్టతో ఇల్లు చేరవలసిన పనిలేదు. నచ్చలేదని తిరిగి యిచ్చుటకు మాత్రము ఈ నియమము వర్తింపదు. ఫిర్యాదునకు 1915 అను జాతీయ దూరవాణి సంఖ్య కలదు.

దీనికి కొన్ని ఆక్షేపణలు రావచ్చును. పండుగ చీరలోని సంతోషమును లెక్కలతో చంపుట తగునా యని కొందరు అడుగుదురు. తగదు. ఏడాదికొకసారి పట్టుచీర కట్టి మురియుట తప్పు కాదు; తల్లి పెండ్లిచీర కూతురు కట్టుకొనునపుడు కలుగు ఆనందమునకు భాగహారము లేదు. చెప్పునదంతయు, ఆ యొక్క దినమునకై తక్కిన దినములను బలిపెట్టవద్దనియే.

నేతబట్ట ఖరీదు గదా యని మరికొందరందురు. కొంతవరకు నిజము. కాని 1976లో ఏర్పడిన ఆప్కో వంటి సహకారసంస్థలు పండుగలలో రాయితీ ఇచ్చునపుడు, మంగళగిరి నూలుబట్టలు, పొందూరు ఖద్దరు మొదలగువానిని కొన్నచో ఆ తగ్గింపు నేతగాని యింటికి కూడ పని చేకూర్చును. ప్రతి చవుకకును ఎక్కడనో ఒకరు మూల్యము చెల్లించుచున్నారని మరువరాదు. 2013 ఏప్రిలు 24వ తేదీన బంగ్లాదేశమున రాణా ప్లాజా కూలినపుడు 1,100 మందికి పైగా మరణించిరి. వారిలో అధికులు ప్రపంచమునకు చవుకబట్టలు కుట్టుచున్న స్త్రీలు. విశాఖకు దక్షిణమున అచ్యుతాపురమునందలి బ్రాండిక్స్ వస్త్రనగరమున వేలకొలది తెలుగు యువతులు విదేశీయులకు కావలసిన సుఖకరములగు దుస్తులు కుట్టుచున్నారు. తమ చేతులతో పరదేశపు స్త్రీలకు సౌఖ్యము కుట్టువారికి, వారి తల్లులకు, అక్కచెల్లెండ్రకు అట్టి సౌఖ్యమే లభింపవలెనని కోరుట అత్యాశ కాదు.

మూడవ ఆక్షేపణ బరువైనది. స్త్రీ యేమి ధరింపవలెనో నిర్ణయించువారు ఆమె కాక మరియెవరెవరో యుండుట. అత్తవారికి చీర మర్యాద. పాఠశాలలో పంతులమ్మకు చీర గౌరవము. వీధిలో చుడీదారు చిన్నతనము. చీర గౌరవప్రదమే, అందమైనదే. ఇష్టపడి కట్టువారికి అది హాయియైనదే. కాని వానలో రెండు బస్సులు మారి పల్లెబడికి పోవు ఉపాధ్యాయినికి చుడీదారు అనుకూలమైనచో, ఆమె పాఠమునందలి గౌరవము తగ్గునా? 2021 నవంబరులో కేరళ ప్రభుత్వపు ఉన్నతవిద్యాశాఖ, అధ్యాపికలకు చీర నిర్బంధము కాదనియు, వారికి అనుకూలమగు మర్యాదయైన దుస్తులు ధరింపవచ్చుననియు స్పష్టపరచినది. ప్రభుత్వము ఉత్తరువు ఇయ్యవలసి వచ్చినదనగా, అంతవరకు చెప్పక చెప్పిన నిర్బంధము ఉండెనన్నమాట. గురువుకు గౌరవము చదువువలన, నడవడివలన వచ్చునుగాని గజముల లెక్కవలన రాదు.

నైటీని ఎగతాళి చేయువారు ఒక్క విషయము గమనింపవలెను. దానిని ఏ ప్రకటనయు, ఏ పెద్దలును తెలుగింటి స్త్రీకి పగటిదుస్తుగా చేయలేదు. వంటింటి వేడిలో వదులుగా, నూలుతో, ముడులు లేక నుండు దుస్తు ఆమెకు కావలసెను. దొరికినదానిని ఆమె తీసికొనెను. దానిపై తువ్వాలు కప్పుకొనుటలో ఆమె సంకోచము కనబడును. దానిని విడువకుండుటలో ఆమె అవసరము కనబడును. ఆ యవసరమును గుర్తించి, వీధిలోనికి కూడ సంకోచము లేక వచ్చునట్లు, వదులైన, రంగు మంచిదైన, జేబుగల నూలుదుస్తులను కుట్టి అమ్ము వర్తకుడు తగరపువలసలోనేగాదు, ఏ యూరనైన లాభపడును.

బడిలో ఉపాధ్యాయులు చేయదగినది కొంత యున్నది. బాలబాలికలచేత ఇంటిలోని వారందరి పండుగ బట్టల పట్టీ వ్రాయించి, ఎవరి బట్ట ఏడాదికి ఎన్ని దినములు ధరింపబడునో లెక్కకట్టింపవచ్చును. అందులో తల్లి పేరునకు ఎదురుగా ఏమి వ్రాయబడినదో పిల్లలే చూతురు. రాబోవు పండుగకు ఆ పట్టీ మరల వ్రాయునపుడు, ఆమె పేరు చివరివరుసనుండి మొదటివరుసకు రావలెను. ఆమెకు నచ్చిన రంగులో, ఆమె చేయి పైకెత్తి కూర్చుండి లేచి చూచి ఎన్నుకొన్న పనిదినపు దుస్తులు రెండు మొదట కొని, మిగిలిన ధనముతో పండుగ చీర కొనినను, కొనకున్నను, ఆ యింటి పండుగకు లోటు రాదు.